గైనకోమాస్టియా శస్త్రచికిత్స: మాఘమాసంలో పెళ్ళి ఉన్న ఒక యువకుడి కేసు

ఆషాఢమాసం నడుస్తుండగా ఒక మధ్యాహ్నం ఇరవై ఏడేళ్ళ యువకుడు తండ్రితోనూ మేనమామతోనూ కలిసి నా ఓపీకి వచ్చాడు. సొంతూరు కృష్ణా డెల్టాలో ఒక పల్లె, ఉద్యోగం హైదరాబాదులో. ఎండ తగ్గినా ఉక్క తగ్గని ఆ రోజుల్లో కూడా చొక్కా కింద బిగుతు బనియను, దాని మీద మరో టీషర్టు వేసుకుని ఉన్నాడు. మాఘంలో ముహూర్తం పెట్టుకున్నామని, పెళ్ళికి ఒక నెల ముందు ఆపరేషన్ చేయించుకుంటే సరిపోతుందా అని తండ్రి అడిగారు. పెళ్ళికొడుకును చేసేటప్పుడు పీట మీద చొక్కా లేకుండా కూర్చోవాలి, బంధువులంతా వచ్చి ఛాతీకి, భుజాలకు నలుగు రాస్తారు. ఆ ఒక్క గంట తలచుకునే ఈ అబ్బాయి అంతకుముందు రెండు సంబంధాలు వద్దన్నాడని మేనమామ చెప్పారు. అబ్బాయి మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు.

అతడి అనుమతితోనే ఈ కేసు రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలను మార్చాను, వైద్యపరమైన వివరాలను మార్చలేదు.

పురుషుడి రొమ్ములో గ్రంథి కణజాలం పెరగడాన్ని గైనకోమాస్టియా అంటాము. శరీరంలో స్త్రీ హార్మోను ఈస్ట్రోజెన్, పురుష హార్మోను టెస్టోస్టిరాన్‌ల మధ్య ఉండవలసిన తూకం ఈస్ట్రోజెన్ వైపు మొగ్గినప్పుడు ఆ గ్రంథి పెరుగుతుంది. జీవితంలో మూడు దశల్లో ఇది సహజంగానే కనిపిస్తుంది: తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల వల్ల పురిటిబిడ్డల్లో, యుక్తవయసు మొదట్లో పదమూడు, పద్నాలుగేళ్ళ మగపిల్లల్లో, మళ్ళీ యాభై దాటిన తర్వాత. యుక్తవయసులో సగానికి పైగా మగపిల్లలకు ఎంతో కొంత వాపు వస్తుంది, చాలామందికి రెండేళ్ళలో అదే తగ్గిపోతుంది. తగ్గని కొద్దిమందిలో ఈ యువకుడు ఒకడు. అతడికి పదమూడో ఏట మొదలై అలాగే నిలిచిపోయింది. చిన్నప్పుడు కాలువలో ఈతకు వెళ్ళడం మానేశాడని, హాస్టల్లో చీకటి ఉండగానే స్నానం చేసేవాడని తండ్రి చెబుతుంటే, పద్నాలుగేళ్ళ పాటు ఒక్క వైద్యుడికీ చూపించలేదన్న విషయమే నన్ను ఎక్కువగా బాధించింది. లావు తగ్గితే అదే పోతుందని చెప్పినవాళ్ళే తప్ప, ఛాతీ మీద చెయ్యి వేసి చూసినవాళ్ళు లేరు.

చెయ్యి వేసి చూడటం ఎందుకు ముఖ్యమంటే, కేవలం కొవ్వు పేరుకుని రొమ్ములా కనిపించేది వేరు, గ్రంథి పెరిగినది వేరు. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు తల కింద పెట్టుకోమని, బొటనవేలు, చూపుడువేలు రెండు పక్కల నుంచి చనుమొన వైపు తెస్తూ నొక్కాలి. ఉన్నది కొవ్వే అయితే చనుమొన దాకా వేళ్ళకు ఏదీ అడ్డు తగలదు. గ్రంథి ఉంటే చనుమొన కిందే కేంద్రంగా, రబ్బరులా గట్టిగా ఉండే బిళ్ళ తగులుతుంది. ఇతడికి ఆ బిళ్ళ కుడివైపు సుమారు 6 సెంటీమీటర్లు, ఎడమవైపు 5 సెంటీమీటర్లు ఉంది, దాని చుట్టూ కొవ్వు కూడా ఉంది. ఒక పక్కకు జరిగి ఉండే రాయిలాంటి గడ్డ, చర్మం లోపలికి లాగుకుపోవడం, చనుమొన నుంచి రక్తం రావడం, చంకలో బిళ్ళలు కట్టడం వంటి క్యాన్సర్ లక్షణాలేవీ కనిపించలేదు. ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. 1973లో సైమన్, ఆయన సహచరులు ఇచ్చిన వర్గీకరణ ప్రకారం ఇది రెండో గ్రేడులో బి రకం, అంటే పెరుగుదల మధ్యస్థంగా ఉండి, చర్మం కూడా కొంత అదనంగా ఉన్న స్థితి.

భుజాలు, చేతులు చూస్తే వ్యాయామం బాగా చేసే మనిషని తెలుస్తోంది. వీపు మీద, భుజాల మీద ఆ వయసుకు ఉండవలసిన దానికంటే ఎక్కువ మొటిమలు ఉన్నాయి. వృషణాలు పరీక్షిస్తే కొంచెం చిన్నవిగా, మెత్తగా అనిపించాయి. గడ్డలు మాత్రం లేవు. ఈ మూడూ కలిపి చూసుకున్నాక తండ్రినీ మేనమామనూ బయట కూర్చోమని కోరాను.

తలుపు వేశాక అతడు చెప్పిన సంగతులు తండ్రి చెప్పిన చరిత్రలో లేవు. ఛాతీ గట్టిపడితే రొమ్ము కనిపించదన్న ఆశతో రెండేళ్ళ క్రితం జిమ్‌లో చేరాడు. అక్కడ పరిచయమైన ఒక వ్యక్తి సలహాతో ఏడాదిన్నరగా విడతలు విడతలుగా కండ పెంచే, టెస్టోస్టిరాన్ తరహా అనబాలిక్ స్టెరాయిడ్ ఇంజెక్షన్లు తీసుకున్నాడు, మధ్యలో మాత్రలు కూడా వాడాడు. చివరి ఇంజెక్షన్ అప్పటికి ఐదు వారాల క్రితం. కండ పెరిగింది, దానితో పాటు రొమ్ము కూడా పెరిగింది, చనుమొనల దగ్గర నొప్పి మొదలైంది. బయటి నుంచి ఎక్కించిన టెస్టోస్టిరాన్‌లో కొంత భాగం, ముఖ్యంగా కొవ్వు కణజాలంలో ఉండే అరోమటేజ్ అనే ఎంజైము వల్ల, ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. పైగా కింద కండరం పెరిగేకొద్దీ దాని మీదున్న గ్రంథి ఇంకా ముందుకు తోసుకువస్తుంది. దేన్ని దాచుకోవాలని జిమ్‌కు వెళ్ళాడో అది రెండింతలై కనిపించింది. ఈ మాటలు చెప్పేటప్పుడు అతడు ఏడ్చాడు. నాన్నకు చెప్పవద్దని అడిగాడు. చెప్పనని మాట ఇచ్చాను, ఆ మాట నిలబెట్టుకున్నాను.

స్టెరాయిడ్ల సంగతి తెలిసింది కదా అని మిగతా కారణాలు వెతకడం ఆపకూడదు. కడుపులో మంటకు వాడే సిమెటిడిన్, గుండె జబ్బుకు వాడే స్పైరనోలాక్టోన్, ఫంగస్‌కు వాడే కీటోకొనజోల్, జుట్టు ఊడకుండా వాడే ఫినాస్టిరైడ్, కొన్ని మానసిక వ్యాధుల మందులు ఇలా ఎన్నో మందుల వల్ల రొమ్ము పెరగవచ్చు. అవేవీ ఇతడు వాడలేదు. మద్యం అప్పుడప్పుడు మాత్రమే. కాలేయం, కిడ్నీలు, థైరాయిడ్, ప్రొలాక్టిన్, ఈస్ట్రడయాల్, బీటా హెచ్‌సీజీ పరీక్షలు చేయించాను. చివరిది ఎందుకంటే, వృషణాల్లో వచ్చే కొన్ని కణితులు మొదట రొమ్ము వాపుగానే బయటపడతాయి. అది సాధారణంగానే ఉంది, వృషణాల అల్ట్రాసౌండ్‌లో కూడా కణితి లేదు. ఎస్‌జీపీటీ (కాలేయ ఎంజైము) కొంచెం ఎక్కువగా, హిమోగ్లోబిన్ 16.9గా ఉన్నాయి. టెస్టోస్టిరాన్ 148కి పడిపోయింది. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లు (పిట్యూటరీ గ్రంథి వృషణాలను పనిచేయించడానికి పంపేవి) ఒకటికి లోపలే ఉన్నాయి. బయటి నుంచి హార్మోను వస్తున్నంత కాలం మెదడులోని పిట్యూటరీ గ్రంథి తన పని తగ్గించుకుంటుంది, ఇంజెక్షన్ ఆపిన వెంటనే అది మేల్కోదు. వృషణాలు చిన్నవిగా ఉన్నాయి కాబట్టి క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్ (మగవాళ్ళలో పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోము అదనంగా ఉండే స్థితి) గురించి కూడా ఆలోచించాను. అందులో ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా పెరిగి ఉంటుంది, ఇక్కడ అందుకు పూర్తిగా విరుద్ధంగా ఉంది.

పెళ్ళి చేసుకోబోతున్న మనిషి కాబట్టి వీర్యపరీక్ష కూడా చేయించుకోమన్నాను. వీర్యకణాలు మిల్లీలీటరుకు 20 లక్షలే వచ్చాయి. స్టెరాయిడ్లు వాడేవాళ్ళకు జిమ్‌లో ఎవరూ చెప్పని విషయం ఇది. హార్మోన్ల వైద్యుడైన ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి పంపాను. ఇంజెక్షన్లు, మాత్రలు పూర్తిగా మానేసి వేచి ఉండాలని, చాలామందికి కొన్ని నెలల నుంచి ఏడాది లోపు కోలుకుంటుందని ఆయన కూడా చెప్పారు.

ఆపరేషన్ ఆ నెలలోనే చేసేయవచ్చు. మత్తు ఇవ్వడానికి అడ్డంకి ఏమీ లేదు, కుటుంబం సిద్ధంగా ఉంది. నేను ఒప్పుకోలేదు. హార్మోన్లు ఇంకా ఊగిసలాడుతున్నప్పుడు గ్రంథి తీస్తే, చనుమొన కింద తప్పనిసరిగా వదిలిపెట్టే కొద్ది కణజాలం మళ్ళీ పెరిగే అవకాశం ఉంటుంది. అదీకాక అతడు నిజంగా ఇంజెక్షన్లు మానాడో లేదో నాకు తెలియాలి. తండ్రికి మాత్రం హార్మోన్లు సర్దుకోవడానికి మూడు నెలలు పడుతుందని, పెళ్ళికి కనీసం మూడు నెలల ముందు ఆపరేషన్ జరగాలని చెప్పాను. రెండూ నిజమే. ఆరు వారాల పాటు బిగుతు వెస్టు వేసుకోవాలి, కమిలిన రంగు, వాపు, గట్టిదనం తగ్గడానికి ఇంకా సమయం కావాలి. కాబట్టి ఒక నెల ముందు చేస్తే నలుగు పెట్టే రోజుకు ఛాతీ సిద్ధంగా ఉండదు.

ఈలోగా మందులతో తగ్గించలేమా అని మేనమామ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కొత్తగా వచ్చి, నొప్పిగా ఉన్న గైనకోమాస్టియాలో ఈస్ట్రోజెన్ ప్రభావాన్ని అడ్డుకునే టామాక్సిఫెన్ మందు కొన్ని నెలలు వాడితే ఉపయోగం ఉంటుంది. ఏడాది దాటాక గ్రంథిలో పీచు కణజాలం పేరుకుని గట్టిపడుతుంది, అప్పుడు మందు కరిగించలేదు. పద్నాలుగేళ్ళ గ్రంథికి మందు ఇచ్చి ఆశ పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

దీపావళి ముందు వారం మళ్ళీ పరీక్షలు చేశాము. టెస్టోస్టిరాన్ 412, ఎల్‌హెచ్ 3.8, ఎఫ్‌ఎస్‌హెచ్ 4.1. హిమోగ్లోబిన్ 15.2కి దిగింది, ఎస్‌జీపీటీ సాధారణ స్థాయికి వచ్చింది. వీర్యకణాలు మిల్లీలీటరుకు కోటీ పది లక్షలకు చేరాయి. చనుమొనల నొప్పి పోయింది, గ్రంథి పరిమాణం మాత్రం తగ్గలేదు. అతడు మాట నిలబెట్టుకున్నాడని ఈ అంకెలే చెప్పాయి. పండుగ వెళ్ళిన తర్వాతి వారానికి ఆపరేషన్ తేదీ ఇచ్చాను.

పద్ధతి ఎంచుకోవడంలో నాకు ఎదురైన ప్రశ్న చర్మం గురించి. అదనపు చర్మం ఉంది కాబట్టి చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం వెలుపల చర్మాన్ని కూడా కొంత గుండ్రంగా తీసేయాలా? అలా చేస్తే ఆ రోజే ఛాతీ చదునుగా కనిపిస్తుంది, కానీ వలయం చుట్టూ పూర్తిగా మచ్చ మిగులుతుంది, కాలక్రమంలో అది వెడల్పు కావచ్చు. మనవాళ్ళ చర్మంలో మచ్చ ఉబ్బెత్తుగా, నల్లగా తయారయ్యే ధోరణి ఎక్కువ. ఇరవై ఏడేళ్ళ వయసులో చర్మానికి సాగే గుణం ఉంటుంది, కింద ఉన్న నిండుదనం పోతే ఆరు నెలల నుంచి ఏడాది లోపు చాలావరకు తనంతట తానే ముడుచుకుంటుంది. ముడుచుకోకపోతే రెండోసారి తీయవచ్చు, ఒకసారి పడిన మచ్చను మాత్రం తీసేయలేము. కాబట్టి లైపోసక్షన్‌తో కొవ్వు, చిన్న కోతతో గ్రంథి తీసి, చర్మాన్ని అలాగే వదిలేద్దామని నిర్ణయించాను. చదును తక్కువైనా మచ్చ తక్కువ ఉండటమే తనకు కావాలని అతడు కూడా అన్నాడు. ఒక మడత మిగలవచ్చని, చనుమొన దగ్గర స్పర్శ కొన్నాళ్ళు మొద్దుబారవచ్చని, రెండు వైపులూ అద్దంలో బొమ్మల్లా ఒక్కలా ఉండవని, రక్తం చేరితే మళ్ళీ థియేటర్‌కు తీసుకెళ్ళవలసి రావచ్చని అంగీకారపత్రం మీద సంతకానికి ముందే వివరించాను.

గుర్తులు నిలబెట్టే పెట్టాలి. పడుకుంటే రొమ్ము పక్కలకు జారిపోయి, తీయవలసిన హద్దులు తెలియవు. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళక ముందే నిలబెట్టి, ఫొటోలు తీసి, రొమ్ము కింది మడతను, నిండుగా ఉన్న చోటును, అంచులు కలిసిపోయే చోటును స్కెచ్ పెన్నుతో వలయాలుగా గీశాను. జనరల్ అనస్థీషియా ఇచ్చారు. లీటరు రింగర్ లాక్టేట్‌లో ఒక మిల్లీగ్రాము అడ్రినలిన్, 600 మిల్లీగ్రాముల లిగ్నోకైన్ (మొద్దుబార్చే మందు) కలిపిన ద్రవాన్ని కుడివైపు 700, ఎడమవైపు 600 మిల్లీలీటర్లు ఎక్కించాము. లిగ్నోకైన్ మొత్తం కిలోకు 10 మిల్లీగ్రాములు దాటలేదు. ఈ పద్ధతిలో సాధారణంగా చెప్పుకునే హద్దు కిలోకు 35. కాలిఫోర్నియాకు చెందిన క్లైన్ 1987లో ప్రచురించిన ఈ ట్యూమెసెంట్ పద్ధతి వచ్చాకే లైపోసక్షన్‌లో రక్తస్రావం అంత తగ్గింది. అడ్రినలిన్ రక్తనాళాలను బిగించేదాకా ఇరవై నిమిషాలు ఓపిక పట్టాలి.

ఛాతీ పక్కన, చంక కిందుగా చేసిన చిన్న రంధ్రం నుంచి 4 మిల్లీమీటర్ల, తర్వాత 3 మిల్లీమీటర్ల క్యాన్యులా అనే సన్నటి గొట్టంతో కుడివైపు 320, ఎడమవైపు 260 మిల్లీలీటర్లు లాగాము. రొమ్ము కింది మడత బిగువుగా నిలిచిపోతే ఛాతీకి ఆడతనపు ఆకారం అలాగే మిగిలిపోతుంది కాబట్టి, ఆ మడతను క్యాన్యులాతోనే విడదీశాను. కొవ్వు పోయాక వేళ్ళకు గ్రంథి ఒక్కటే స్పష్టంగా తగిలింది. వలయం కింది అంచున, గడియారంలో నాలుగు నుంచి ఎనిమిది గంటల మధ్య ఉండే భాగంలో కోత పెట్టాను. ఈ కోతను వెబ్‌స్టర్ 1946లో ప్రచురించారు. నల్లటి చర్మం, మామూలు చర్మం కలిసే గీతలోనే మచ్చ దాగిపోవడం దాని గొప్పతనం. గైనకోమాస్టియాకు శస్త్రచికిత్స మాత్రం అంతకంటే ఎంతో పాతది. ఏడో శతాబ్దపు గ్రీకు వైద్యుడు పాల్ ఆఫ్ ఏజినా రొమ్ము కింద చంద్రవంక ఆకారంలో కోత పెట్టి గ్రంథి తీయడాన్ని అప్పుడే వర్ణించాడు.

గ్రంథిని ఎంత తీయాలన్న దానికంటే ఎంత వదలాలన్నదే ఈ ఆపరేషన్‌లో నేర్పు. చనుమొన కింద ఉన్నదంతా ఊడ్చేస్తే వలయం లోపలికి కుంగి ఛాతీ కండరానికి అతుక్కుంటుంది, సాసర్‌లా గుంట పడుతుంది, చనుమొనకు రక్తప్రసరణ కూడా దెబ్బతినవచ్చు. ఆ గుంటను సరిచేయడం మొదటి ఆపరేషన్ కంటే కష్టం. వేరేచోట ఆపరేషన్ చేయించుకుని ఆ గుంటతో నా దగ్గరికి వచ్చినవాళ్ళను చూశాను, వాళ్ళు మళ్ళీ బనియను మీద బనియను వేసుకుంటున్నారు. చనుమొన కింద ఒక సెంటీమీటరు మందాన బిళ్ళను వదిలి, అంచుల్లో పలుచగా చెక్కుకుంటూ, కండరం మీది పొరను చెక్కుచెదరనివ్వకుండా గ్రంథిని తీశాను. కుడివైపు గ్రంథి 62 గ్రాములు, ఎడమది 48 గ్రాములు. రెండింటినీ వేర్వేరు డబ్బాల్లో బయాప్సీకి పంపాను. తీసిన గ్రంథిని పరీక్షకు పంపకుండా పారేయడం, రోగి ఎంత చిన్నవాడైనా సరే, తప్పు. రెండు వైపులా సక్షన్ డ్రెయిన్లు (లోపల చేరే రక్తాన్ని, ద్రవాన్ని బయటికి లాగే గొట్టాలు) పెట్టి, కుట్లు వేసి, వెస్టు తొడిగాము. మధ్యాహ్నం రెండున్నరకు అతడు మెలకువగా, నొప్పి లేకుండా వార్డుకు వచ్చాడు.

రాత్రి పదిన్నరకు డ్యూటీ డాక్టరు ఫోన్ చేశారు. రెండుసార్లు వాంతి అయిందని, కుడివైపు బిగుసుకుపోయినట్టు నొప్పిగా ఉందంటున్నాడని, కుడి డ్రెయిన్‌లో రెండు గంటల్లో 180 మిల్లీలీటర్ల తాజా రక్తం వచ్చిందని చెప్పారు. రక్తపోటు 160కి 100 ఉంది. నేను వెళ్ళి వెస్టు విప్పేసరికి కుడి ఛాతీ ఆపరేషన్‌కు ముందున్న దానికంటే పెద్దదై, చర్మం మెరుస్తూ ఉంది. తండ్రి ముఖం చూడటం కష్టమైంది. ఇది హెమటోమా, అంటే లోపల రక్తం చేరి గడ్డకట్టడం అని, ఈ ఆపరేషన్ తర్వాత రాగల ఇబ్బందుల్లో ఎక్కువగా కనిపించేది ఇదేనని, ప్రాణానికి ముప్పు లేదు కానీ వెంటనే తెరవాలని చెప్పాను. కట్టు బిగించి తెల్లవారేదాకా చూద్దామనే ఆలోచన ఇలాంటి చోట పనికిరాదు. గడ్డకట్టిన రక్తం ఒత్తిడికి పైచర్మం, చనుమొన దెబ్బతింటాయి, తర్వాత లోపల గట్టి ముద్దలు మిగులుతాయి. పదకొండున్నరకు అదే కోత తెరిచి సుమారు 200 మిల్లీలీటర్ల గడ్డలు తీశాము. గ్రంథి ఉన్న చోటుకు బయటి అంచున ఒక చిన్న ధమని కొట్టుకుంటూ రక్తం చిమ్ముతోంది. దాన్ని కట్టి, సెలైన్‌తో కడిగి, కొత్త డ్రెయిన్ పెట్టాము. మర్నాడు హిమోగ్లోబిన్ 12.8. రక్తం ఎక్కించవలసిన అవసరం రాలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో నాకు తెలుసు. మధ్యాహ్నం కుట్లు వేసే ముందు రక్తపోటు 95 దగ్గర ఉంది, చోటంతా పొడిగా కనిపించింది. అడ్రినలిన్ పనిచేస్తున్నప్పుడు, రక్తపోటు తక్కువగా ఉన్నప్పుడు చిన్న ధమని నోరు మూసుకుని ఉంటుంది. మందు ప్రభావం తగ్గి, వాంతులతో రక్తపోటు లేచిన తర్వాత అది తెరుచుకుంది. మూసే ముందు రక్తపోటును మామూలు స్థాయికి తెమ్మని, ఊపిరితిత్తులను ఒకసారి ఒత్తిడితో నింపి పట్టమని అనస్థీషియా డాక్టరును కోరి, రెండు నిమిషాలు చూసి మూయడం నాకు ఎప్పుడూ ఉన్న అలవాటు. ఆ రోజు ఎడమవైపు అలా చేశాను, కుడివైపు చేయలేదు. ఈ మాట మర్నాడు ఉదయం అతడికీ తండ్రికీ ఉన్నదున్నట్టు చెప్పాను. రెండోసారి థియేటర్‌కు తీసుకెళ్ళినందుకు వాళ్ళ దగ్గర ఏమీ తీసుకోలేదు. ఆ రోజు నుంచి మా థియేటర్‌లో కుట్ల సూది నా చేతికి ఇచ్చే ముందు సిస్టర్ రక్తపోటు అంకెను పైకి చదువుతారు.

ఎడమ డ్రెయిన్ రెండో రోజు, కుడిది ఇరవైనాలుగు గంటల్లో 30 మిల్లీలీటర్ల కంటే తగ్గాక ఐదో రోజు తీశాము. బయాప్సీలో పాలనాళాల సంఖ్య పెరగడం, చుట్టూ గట్టిపడిన పీచు కణజాలం కనిపించాయి, క్యాన్సర్‌కు సంబంధించిన మార్పులేవీ లేవు. నాలుగు వారాలు రాత్రింబవళ్ళు, తర్వాత రెండు వారాలు పగటిపూట మాత్రమే వెస్టు వేసుకున్నాడు. పది రోజులకు ఆఫీసు పనిలో చేరాడు. ఆరు వారాల దాకా బరువులు ఎత్తవద్దన్నాను. కుడివైపు కమిలిన మచ్చలు ఎడమవైపు కంటే రెండు వారాలు ఎక్కువ ఉన్నాయి, లోపల గట్టిదనం మూడో నెల దాకా చేతికి తగిలింది. ఆ గట్టిదనాన్ని అతడు గ్రంథి మళ్ళీ పెరుగుతోందని అనుకుని ఒకరోజు అర్ధరాత్రి మెసేజ్ పెట్టాడు. ఉదయమే పిలిపించి, అల్ట్రాసౌండ్ తెర మీద అది గాయం మానుతున్న కణజాలమేనని చూపించాను.

పెళ్ళి అనుకున్న ముహూర్తానికే జరిగింది. ఆ తర్వాత ఆరో నెల పరీక్షకు వచ్చినప్పుడు ఒకే చొక్కా వేసుకున్నాడు, లోపల బనియను లేదు. నలుగు పెట్టినప్పుడు మేనత్త ఛాతీకి పసుపు రాస్తూ ఆ గీతల దగ్గర చెయ్యి ఆపిందా అని తాను గమనిస్తూ కూర్చున్నానని, ఆవిడ ఆపలేదని చెప్పాడు. కోత గీతలు వలయం అంచులో కలిసిపోయాయి. ఎడమ చనుమొనకు స్పర్శ పూర్తిగా వచ్చింది, కుడివైపు ఇంకా కొంచెం తక్కువగా ఉంది. కుడి చంక వైపు వంగినప్పుడు కనిపించే చిన్న మడత మిగిలింది. చర్మం ఇంకా ముడుచుకునే సమయం ఉందని, ఏడాది తర్వాత కూడా ఉంటే స్థానిక మత్తులో తీయవచ్చని చెప్పాను. దాని గురించి తనకు పట్టింపు లేదన్నాడు. వీర్యకణాలు మిల్లీలీటరుకు రెండు కోట్ల నలభై లక్షలకు వచ్చాయి. ఆ రిపోర్టు అతడు భార్యతో కలిసి తీసుకొచ్చాడు, ఇంజెక్షన్ల సంగతి పెళ్ళికి ముందే తానే ఆమెకు చెప్పాడట. కుడి చనుమొన స్పర్శను, ఆ మడతను పన్నెండో నెలలో మళ్ళీ చూడాలని కార్డు మీద తేదీ రాసి ఇచ్చాను.